కరవుసీమలో కడలిని గీసితిని: ఒక పెన్సిలు ఆత్మకథ

భారతదేశమున పెన్సిళ్లకు వలసిన కొయ్యలో అధికభాగము కాశ్మీరమందలి పుల్వామా ప్రాంతపు పాప్లార్ వృక్షములనుండి లభించుచున్నది గనుక, నా పుట్టినిల్లు ఆ మంచుసీమయేనని చెప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. ఆ కొయ్యపలకల గాడిలో నిమిడియున్న నా నల్లని కడ్డీ గ్రాఫైటు పొడిని బంకమన్నుతో మర్దించి, సన్నగా వత్తి, కొలిమిలో కాల్చగా నేర్పడినది. ఈ విద్యకు 1795లో దారి చూపినవాడు ఫ్రాన్సు దేశీయుడైన కోంటే. మన్ను హెచ్చినచో కడ్డీ గట్టిపడి గీత పలుచనగును. గ్రాఫైటు హెచ్చినచో కడ్డీ మెత్తబడి గీత నల్లనగును. నేను ఆ రెంటికిని నడుమ నిలిచిన హెచ్.బి. జాతికి చెందినదానను.

అట్టి నేను రాయలసీమలోని కదిరి చేరి, నరసింహస్వామి గుడి సమీపముననున్న యొక చిన్న అంగడిలో కొంతకాలము పడియుండి, తుదకు ఇంటర్మీడియట్టులో బై.పి.సి. చదువుచున్న యొక వేరుసెనగ రైతు కూతురి చేతికి దక్కితిని. ఆమెకు నాతో గల పని జంతుశాస్త్రపు రికార్డు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన ఈ పీఠభూమిలో, కెరటమును కంటితో చూడని బాలిక చేత సముద్రనక్షత్రమును, ఆక్టోపసును, సముద్రాశ్వమును, సొరచేపను గీయించుటయే నా జీవితకార్యమయ్యెను.

ఐనను కదిరికి సముద్రము బొత్తిగా అపరిచితమని చెప్పరాదు. గుడిలో మ్రోగు శంఖము కడలిలో పుట్టినదే. అరుగులపై నాడువారి గవ్వలును అట్టివే. సంతలోని యెండుచేపలు తీరమునుండి వచ్చినవే. మూలికల యంగడిలో సముద్రఫేనమను పేర నమ్మెడి తెల్లని తునక, తన సిరాను తానే మోయు కటిల్ చేప దేహములోని పెంకు. కడలి ఈ యూరికి ముక్కలుముక్కలుగా చేరినది. ఆ ముక్కలకు ప్రాణిరూపము నిచ్చి పుటపై నిలుపు భారము నాపై బడినది.

కళాశాల ప్రయోగశాలలో ఫార్మలిను నింపిన గాజుజాడీయందు, రంగు వెలిసి పాలిపోయిన సముద్రనక్షత్ర మొకటి యుండెను. అధ్యాపకుడు ఆమె వెనుక నిలిచి, "అందంగా ఉండనక్కర్లేదమ్మా, జాడీలో ఉన్నట్టుంటే చాలు" అనెను. ఆమె నన్ను తేలికగా పట్టి ముందొక వృత్తమును, దాని నడుమనుండి సమదూరమున ఐదు రేఖలను గీసి, వాని చుట్టును బాహువుల నేర్పరచి, తొలి గీతలను రబ్బరుతో చెరిపివేసెను. దేహముపైని ముండ్లకు నీడ పూయక నా మొనతో చుక్కలే పెట్టెను. ఏలయన నీడ పూసినచో అలికినట్లయి అవయవములు కానరావు. మాడ్రిపొరైటు అను చిల్లుల బిళ్లను ఆమె మొదట సరిగా నడుమ పెట్టబోయి, జాడీని మరల తిప్పి చూచి, రెండు బాహువుల సందున ఒక ప్రక్కగా దిద్దెను. ఆ బిళ్ల దేహములోని నీటినాళములకు ద్వారము. ఆ నాళములలోని నీటి యొత్తిడితోనే ఆ ప్రాణి అడుగుభాగమునగల వందలాది మెత్తని పాదములు కదలును.

ఆ సాయంత్రము ఇంట రికార్డును చూచిన అవ్వ, "ఏమ్మే, కాళ్లయిదుండాయి గానీ తలకాయ యాడుందే దీనికి?" అని యడిగెను. "తల ల్యాదవ్వా దీనికి. నోరు కడుపు కింద ఉంటాది" అని మనుమరాలు బదులు చెప్పెను. ఇట్లు ఒక్కొక్క జలచరము పుటకెక్కినకొలది నేను తరిగి, నేడు బొటనవ్రేలి పొడవున మిగిలితిని.

ఈ పని మన దేశమున నాతో మొదలైనది కాదు. 1780 దశకమున విశాఖపట్టణమున నివసించి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు, ఆ తీరపు చేపల నొక భారతీయ చిత్రకారునిచే గీయించి, ఇన్నూరు చేపల బొమ్మలను వర్ణనలతో రెండు సంపుటములుగా 1803లో లండనున ప్రకటించెను. స్థానికులు పలికిన తెలుగు పేర్లనే ఆయన అందు వ్రాసికొనెను. వానిలో కనగుర్త యను పేరును ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు క్యువియే 1816లో శాస్త్రనామమునకు గ్రహింపగా, నేటికిని ఆ చేపను శాస్త్రలోకమంతయు రాస్ట్రెల్లిగర్ కనగుర్త యనియే వ్యవహరించుచున్నది. చేపకు తెలుగు పేరు దక్కినది. గ్రంథకర్తకు కీర్తి దక్కినది. చేపను కన్నులార చూచి పొలుసు పొలుసుగా గీసిన చిత్రకారుని మాత్రము నేడు పేరుపెట్టి తలచువారు లేరు.

పేరును చెదరక నిలుపు శక్తి మాత్రము నా జాతికి గలదు. నమూనా జాడీలోపల నుంచు పేరుచీటీని సిరాతో వ్రాసినచో ద్రవమున కరగిపోవుట కలదు గాని, పెన్సిలు గీత చెదరదు. కావుననే జంతుశాస్త్ర ప్రదర్శనశాలలవారు ఆ చీటీలను తరచుగా నా జాతిచేత వ్రాయింతురు. ఈ యొక్క గుణమును గర్వముగా చెప్పుకొని మీ కొక విన్నపము చేయుచున్నాను: మీ పిల్లలు చేపను గీసినను, పీతను గీసినను, బొమ్మ క్రింద ఆ ప్రాణి తెలుగు పేరును, చూచిన చోటును, తేదీని, తప్పక తమ పేరును వ్రాయుమని చెప్పుడు.