పనేం లేదు

పెదనాన్నను విజయవాడలో వృద్ధాశ్రమంలో చేర్చడానికి అన్నయ్య హైదరాబాదు నుంచి చిల్లకల్లు వచ్చాడు. అడ్వాన్సు కట్టేశాడట. పెదనాన్న సంచీ సర్దుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"పత్తిచేను కౌలుకిచ్చేశాం. అమ్మా పోయింది. ఇక ఇక్కడ నాన్నకు పనేముంది చెప్పు?" అన్నాడు అన్నయ్య నాతో, ఆయనకు వినబడేలాగే.

నాకేం చెప్పాలో తోచలేదు. మాట మార్చడానికి, "ఇప్పుడు దేనిమీద పరిశోధన చేస్తున్నావు?" అన్నాను.

అన్నయ్య ముఖం వెలిగింది. "ప్రియాన్ ప్రోటీన్. మనందరి నరకణాల మీదా ఉండేదే. మడత సరిగా ఉన్నంతకాలం సాధువు. మడత తప్పిందా, పక్కనున్న మంచిదాన్నీ తనలాగే వంకర తిప్పేస్తుంది. చివరికి మెదడు స్పాంజిలా తూట్లు పడుతుంది. క్రిమి లేదు, డీఎన్ఏ లేదు, ఒట్టి ప్రోటీన్‌తోనే జబ్బు! ఈ సంగతి బయటపెట్టినందుకే ప్రుసినర్‌కు 1997లో నోబెల్ ఇచ్చారు."

పెదనాన్న ఇటు తిరిగాడు. "అంత ప్రమాదమైతే ఒంట్లో ఎందుకురా అది? తీసి పారేస్తే పోలా?"

"1992లో జ్యూరిచ్‌లో అదే చేశారు నాన్నా. దాని జన్యువే పనిచెయ్యకుండా చేసి ఎలుకల్ని పుట్టించారు. అవి మామూలుగానే పెరిగాయి, పిల్లల్నీ పెట్టాయి. మరుసటి ఏడు జబ్బు ఎక్కించి చూస్తే అదీ అంటలేదు. ఇంకేం, దీనికి పనేం లేదనుకున్నారు చాలామంది."

"లేదా మరి?"

"ఉంది. కరెంటు తీగకున్నట్టు నరాలకు మైలిన్ అని తొడుగుంటుంది. ఈ ప్రోటీన్ లేని ఎలుకలకు ఆ తొడుగు ఊడిపోతోందని 2010లో జ్యూరిచ్‌లోనే తేల్చారు. ఎలాగన్నది 2016లో తెలిసింది. నరం మీదున్న ఈ ప్రోటీన్ తోకముక్క తెగి, తొడుగు చుట్టే కణాన్ని తాకుతుంది. తొడుగు జాగ్రత్త అని చెబుతున్నట్టన్నమాట. అది అక్కడ ఉండటమే దాని పని."

హైవే మీద లారీలు పోతున్నాయి. పెదనాన్న కాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు.

"ఆ లోటు ఎలుకలకు ఎప్పుడు బయటపడిందిరా?"

"వెంటనే కాదు నాన్నా, వయసు మళ్లాక."

పెదనాన్న సంచీ చంకన పెట్టుకుని లేచాడు.

"అయితే నీకింకా చాలా టైముందిలే. కారు తియ్యి."