ఎనిమిది రెట్ల చూపు

నేను బైనాక్యులర్‌ని. ఒంటి మీద 8×40 అని ఉంటుంది. దూరాన ఉన్నదాన్ని ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తానని, నా ముందు అద్దాల వ్యాసం 40 మిల్లీమీటర్లని దానర్థం. పుట్టుక గురించి ఇంత చాలు. నా బతుకంతా విజయవాడ గవర్నర్‌పేటలోనే, ఒక రిటైర్డ్ మాస్టారింట్లో గడిచింది.

ఆదివారం తెల్లారకముందే కైకలూరు బస్సెక్కి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లేవాళ్లం. గూడబాతు పైముక్కు వెంట వరసగా ఉండే చుక్కలు ఒడ్డు మీంచి ఎవరికీ కనిపించవు. నేను చూపించాను. దాని దవడ కింద సంచి ఊగడం చూసి మాస్టారు ఊపిరి బిగబట్టేవారు. ఆ పూట నా అంత గొప్పది ఇంకోటి లేదనిపించేది.

చూసినవన్నీ ఏదో వెబ్‌సైటులో ఎక్కిస్తే శాస్త్రవేత్తలకు పనికొస్తాయని ఎవరో చెప్పారు. మాస్టారు ఉత్సాహంగా కూర్చున్నారు. అది అడిగిన మొదటి ప్రశ్నే పిట్ట పేరు. తుమ్మకొమ్మ మీద చూసినదాని పేరు ఆయనకు తెలియదు. పట్టికలో వందల పేర్లున్నాయి. కాసేపు వెతికి కంప్యూటర్ కట్టేశారు. ఆటపాక ప్రయాణాలు కూడా పలచబడి, చివరికి ఆగిపోయాయి.

నన్ను బీరువాలో పెట్టారు. కృష్ణాతీరపు ఉక్కపోత ఎలాంటిదో మీకు తెలుసు. గాలి ఆడని తోలుసంచిలో, కలరా ఉండల వాసన మధ్య, నా ఎడమ అద్దానికి లోపల బూజు పట్టింది. సాలెగూడులా సన్నటి పోగులు ఏటా ఇంకాస్త పాకాయి. పిల్లలు ఎప్పుడైనా బయటికి తీస్తే తిరగేసి పట్టుకుని, అన్నీ చిన్నగా కనిపిస్తున్నాయని నవ్వి పడేసేవారు. పారేసినా ఇంత బాధ ఉండేది కాదు. నా కోపం మాస్టారి మీద కాదు, పేరు తెలిసినవాళ్లకే తలుపు తీసే ఆ ప్రశ్న మీద.

ఆ తలుపు మార్చినవాళ్ల సంగతి మాస్టారి మనవరాలు చెబితే విన్నాను. 2002లో అమెరికాలో కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ సంస్థ కలిసి చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటు మొదలుపెట్టాయి. విజ్ఞానానికి సాయం చేయండని అడిగితే మొదట్లో ఆశించినంత మంది రాలేదట. తర్వాత పద్ధతి మార్చి, చూసినవాడి జాబితాను వాడి కోసమే భద్రంగా దాచిపెట్టే చోటుగా దాన్ని దిద్దారు. జనం వచ్చారు, నిలిచారు. 2014లో అదే ల్యాబ్ మెర్లిన్ అనే యాప్ తెచ్చింది. అది పేరు అడగదు. మనవరాలు దాన్ని తెరిచి, ఆ తుమ్మకొమ్మ పిట్ట గురించి అడిగింది.

"తాతయ్యా, ఎంతుందో చెప్పు చాలు."

"పిచ్చుక కంటే పెద్దది, గోరువంక కంటే చిన్నది."

"రంగు?"

"వీపు గోధుమ. కంటి మీదుగా నల్లటి పట్టీ."

"ఏం చేస్తోంది?"

"కొమ్మ చివర కూర్చుని, కిందికి దూకి పురుగును పట్టింది."

మెర్లిన్ పేరు చెప్పింది: బ్రౌన్ ష్రైక్. సైబీరియా, మంగోలియా వైపు నుంచి చలికాలానికి మన దగ్గరికి వచ్చే పిట్ట. ఆమె అడిగిన వాటన్నిటికీ జవాబు నేను ఏనాడో చూపించాను. అప్పట్లో అడిగినవాళ్లే లేరు.

కొత్తవాళ్లు రాసే మామూలు పిట్టల లెక్కే అసలైన అవసరం. 30,000 మందికి పైగా పరిశీలకులు రాసిన మూడు కోట్ల నమోదులతో 2023లో భారత పక్షుల స్థితి నివేదిక వచ్చింది. దసరాకు వెతుక్కుని దండం పెట్టుకునే పాలపిట్ట కూడా తగ్గిపోతోందని, దాని స్థితిని ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ మళ్లీ పరిశీలించాలని అందులో ఉంది. అరుదైన పక్షి కోసం మాత్రమే కలం తీసేవాళ్లతో ఆ సంగతి తేలేది కాదు.

ఇప్పుడు సాయంత్రాలు మాస్టారు పాత డైరీ చదువుతుంటే మనవరాలు ఈబర్డ్‌లో ఎక్కిస్తోంది. తేదీ, చోటు ఉంటే పాత లెక్కలూ తీసుకుంటారు. ఎన్ని చూశారో రాసుకోని చోట ఎక్స్ అని కొడితే సరిపోతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పక్షుల లెక్క ఉంది, డాబా మీద పదిహేను నిమిషాలు నిలబడినా చాలు. ఈలోగా నా ఎడమ అద్దం విప్పి తుడిచేవాళ్ల కోసం ఆమె వాకబు చేస్తోంది. త్వరగా దొరికితే బాగుండు. ఆ లెక్కకు నాకు రెండు కళ్లూ కావాలి.