సీపాప్ పద్యము: టీకా తాత్పర్య సహితము

తే.గీ.
చూడ గడియారమును బోలి సొగసులీను
గాలి మాస్కు సందులనుండి కారిపోవ
నంద మేపాటి యూపిరి నందజేయు
పక్క పాన్పున నిద్రించు పడతి యెరుగు.

ప్రతిపదార్థం: చూడన్ = కంటికి (చెవికి కాదు); గడియారమును బోలి = మంచం పక్క బల్లమీది అలారం గడియారంలాగా; సొగసులీను = తళతళలాడుతుంది; మాస్కు సందులనుండి = ముక్కు పక్కన, కంటి కింద, మరీ ముఖ్యంగా మీసం దగ్గర; గాలి కారిపోవన్ = బుస్సుమని పోతూ ఉండగా; అందము = ఆ సొగసు; ఏపాటి ఊపిరిని అందజేయున్ = ఏమాత్రం గాలి ఆడిస్తుందో; పక్క పాన్పున నిద్రించు పడతి = ఇల్లాలు; ఎరుగున్ = ఎరుగును, పొద్దున్నే చెబుతుంది కూడా.

తాత్పర్యం: నిద్రలో గొంతు వదులై గాలిదారి మూసుకుపోయే వారికి, ఆ దారి తెరుచుకుని ఉండేంత ఒత్తిడితో గాలి పంపడమే సీపాప్ పని. ఆ ఒత్తిడిని నీటిమట్టపు సెంటీమీటర్లలో కొలుస్తారు. యంత్రాల్లో సాధారణంగా 4 నుంచి 20 దాకా ఉంటుంది. పెట్టె ఎంత ముద్దుగా ఉన్నా ఆ ఒత్తిడి నిలిచేదీ పోయేదీ మాస్కు అంచు దగ్గరే.

విశేషాలు: పద్యంలో ‘యంత్రము’ అన్న కర్త లేదు, అధ్యాహారం చేసుకోవాలి. కవి దాచాడు. తయారీదారు అంతకుముందే దాచాడు: మూలలు గుండ్రం చేసి, ముందు చిన్న తెర పెట్టి, ఇది వైద్య పరికరమని చుట్టాలకు తెలియకుండా.

‘నిద్రించు పడతి యెరుగు’ అన్నచోట విరోధాభాసం. నిద్రించేది ఎలా ఎరుగుతుంది? నిద్రించ యత్నించు అని అర్థం చెప్పుకుంటే విరోధం తొలగును, నిద్ర మాత్రం రాదు.

‘మాస్కు సందు’ గురించి పూర్వ వ్యాఖ్యాతలు తొందరపడ్డారు. లీకవుతోందని పట్టీలు బిగించేవారే ఎక్కువ. బిగించిన కొద్దీ మెత్తటి సిలికాన్ అంచు నలిగి ముడతపడి, గాలి అక్కడినుంచే తన్నుకొస్తుంది. తెల్లారేసరికి చెంపల మీద రెండు చాళ్లు. యంత్రం ఆన్ చేసి, పడుకుని, గాలికి అంచు ఉబ్బాక పట్టీ సర్దుకోవాలి. రోజూ ఆ అంచుకున్న జిడ్డు తుడవాలి. మీసం, గడ్డం దట్టంగా ఉన్నవారికి ముక్కూ నోరూ కప్పే మాస్కుకన్నా ముక్కుపుటాల్లో కుదిరే చిన్న బుడిపెల మాస్కు నయం కావచ్చు. కాని మీసం కూడా సొగసే కదా, దాన్ని తీయమని ఏ కవి చెప్పగలడు!

ఐతిహ్యం: 1981లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన కాలిన్ సలివాన్ ఈ చికిత్సను లోకానికి ప్రకటించాడు. తొలినాటి యంత్రానికి వాక్యూమ్ క్లీనర్ మోటారే ఆధారం: పీల్చేదాన్ని ఊదేలా తిప్పారు. మాస్కును ముక్కుకు జిగురుతో అతికించేవారు. రూపం బీభత్సం, మోత అంతకంత. అయినా ఊపిరి ఆడింది.

దీనికి ప్రత్యుదాహరణం 2021. ఫిలిప్స్ సంస్థ ఆ జూన్‌లో డ్రీమ్‌స్టేషన్ మొదలైన యంత్రాలను పెద్దఎత్తున వెనక్కి పిలిచింది. మోత వినిపించకుండా లోపల పెట్టిన పాలీయురిథేన్ నురుగు పొడిగా రాలి గాలిదారిలో కలిసే ప్రమాదముందని తేలింది. పైకి చెక్కుచెదరని సొగసు, లోపల రాలిపోతున్న నురుగు. ఇంతకన్నా వ్యంగ్యం కోరే ఆలంకారికుడు ఉండడు.

పూర్వపక్షం: ‘అందం వ్యర్థమైతే, వికారమైన పెట్టెను మంచం కిందికి తోసి, వాడకుండా పడుకునేవాళ్ల సంగతేమిటి?’ ఈ ఆక్షేపణ బలమైనదే. సిగ్గుపడి వాడని యంత్రం ఊపిరి ఇవ్వదు. సమాధానం: కవి అందాన్ని నిందించలేదు, ‘ఏపాటి’ అని కొలత అడిగాడంతే. కొలత యంత్రమే చెబుతుంది: గంటకు శ్వాస ఎన్నిసార్లు ఆగిందో, తగ్గిందో, గాలి ఎంత లీకయిందో. మొదటి అంకె 5 లోపుంటే మంచిది. దుకాణంలో రంగు చూసి కొన్నవారు మొదటి వారమైనా ఆ తెర తెరిచి చూడాలి.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘పడతి యెరుగు’కు బదులు ‘పతియె యెరుగు’ అని ఉంది. గణం చెడదు, యతీ చెడదు. ఆడవారికీ నిద్రలో గాలిదారి మూసుకుపోయే ఈ జబ్బు వస్తుంది, ముట్లు ఆగిన తర్వాత మరీ ఎక్కువ. గురక మగవాళ్ల సొత్తనుకోవడం వల్ల ఆడవారిది ఆలస్యంగా బయటపడుతుంది. కనుక రెండు పాఠాలూ గ్రాహ్యములే.