పాదస్ఫోట పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలము

కొత్త చెప్పు కరువఁ గుదికాలు బొబ్బెక్కు
బొబ్బ గిల్ల వలదు పుండు పడును
తడిసినట్టి తొడుగు తప్పక మార్చుము
నడచువాని కిదియె నయము సుమ్ము

అవతారిక

మూలం లేనిదే టీక పుట్టరాదన్నది శాస్త్రమర్యాద గనుక, ఈ టీకాకారుడు పై ఆటవెలదిని తానే కట్టుకొని, దానికి తానే వ్యాఖ్య రాయడానికి పూనుకున్నాడు. ఇందువల్ల కవిహృదయం తెలియలేదన్న నింద అతనికి రాదు గాని, కవిత్వం పలచగా ఉందన్న నింద నుంచి తప్పించుకునే దారి మాత్రం లేదు. మెదక్ సీమలోని కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మహాకావ్యాలకు వ్యాఖ్యలు రచించాడు. ప్రస్తుత కవి ముఖ్యమైన సంగతినే వదిలిపెట్టాడు గనుక ఆ ప్రతిజ్ఞ ఇక్కడ చెల్లదు.

ప్రతిపదార్థము

కొత్త చెప్పు = పాదానికి ఇంకా అలవాటుపడని పాదరక్ష (బూటు, శాండలు, కాన్వాసు జోడు మొదలైనవన్నీ ఉపలక్షణంగా గ్రహించవలెను); కరువన్ = ఒరయగా; కుదికాలు = మడమ; బొబ్బ + ఎక్కు = నీటిపొక్కు లేచును; బొబ్బన్ = ఆ పొక్కును; గిల్లన్ వలదు = గోటితో చిదుపరాదు; పుండు పడును = చీము పట్టి వ్రణమగును; తడిసినట్టి తొడుగు = చెమటకు నానిన మేజోడు; తప్పక మార్చుము = విడిచి పొడిది తొడుగుము; నడచువానికిన్ = నిత్యం నడిచేవానికి, పరుగెత్తేవానికి కూడా; ఇదియె నయము సుమ్ము = ఇదే మేలు.

తాత్పర్యము

చెప్పు ఒరిస్తే మడమ పొక్కుతుందనీ, పొక్కును చిదిమితే పుండవుతుందనీ, పాదాన్ని పొడిగా ఉంచుకోవాలనీ కవి భావం. ఇంతవరకు ఇంట్లో పెద్దలు రోజూ చెప్పేదే. పద్యంలో ఇమడనిది విశేషాంశాలలో ఉంది.

విశేషాంశములు

కరువన్: పళ్లు లేని వస్తువుకు కరిచే గుణాన్ని ఆరోపించడం అలంకారశాస్త్రం ఒప్పుకునేదే గాని, శరీరశాస్త్రం సగమే ఒప్పుకుంటుంది. చెప్పు చర్మాన్ని పైనుంచి గీరడం వల్ల బొబ్బ లేస్తుందని సాధారణంగా అనుకుంటారు. గీరితే తోలు లేస్తుంది, ఒరుపుడు గాయమవుతుంది, బొబ్బ లేవదు. బొబ్బ పుట్టే విధానం వేరు. చర్మపు పైభాగం చెమటతో మేజోటికి అంటుకొని నిలిచిపోగా, అడుగు పడిన ప్రతిసారీ లోపలి ఎముక మాత్రం ముందుకు వెనక్కు కదులుతుంది. నిలిచిన పైపొరకూ కదిలే ఎముకకూ మధ్య చిక్కిన చర్మం అడ్డంగా సాగుతుంది. ఈ అడ్డు సాగుదలనే కోత ఒత్తిడి అంటారు. పూతరేకుల దొంతరను పైనుంచి అదిమిపట్టి, కింది పళ్లాన్ని అటూ ఇటూ జరిపితే పై రేకు చెక్కుచెదరకుండానే నడిమి రేకు చిరిగినట్టు, వేలసార్లు సాగిన చర్మంలో కంటకస్తరం, అనగా ముళ్లవంటి కొసలతో ఒకదాన్నొకటి పట్టుకొని ఉండే కణాల పొర, చీలిపోతుంది. ఆ చీలికలోకి నీరు ఊరడమే బొబ్బ. కనుక దోషంలో చెప్పుకు ఒక పాలు, తడికి ఒక పాలు, అడుగుల సంఖ్యకు ఒక పాలు పంచవలసి ఉంటుంది.

కుదికాలు: కవి మడమనొక్కదాన్నే చెప్పడం యతి కోసం. బొబ్బలు వేళ్ల కొసల మీదా, వేళ్ల సందుల్లోనూ, బొటనవేలి మొదట ఉండే మెత్తటి దిండు కిందా కూడా లేస్తాయి. పైతోలు దళసరిగా ఉండి, కిందికి బిగువుగా అతుక్కొని ఉన్న చోటనే ఇది జరుగుతుంది. అందుకే అరికాలికీ, గునపం పట్టిన అరచేతికీ బొబ్బలు వస్తాయి గాని, పలచని తోలు గల మోచేతి మడతకు రావు. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు చెప్పులు లేకుండా ఎక్కే భక్తుడి పాదాన్ని ఈ పద్యం పట్టించుకోలేదని ఆక్షేపించవచ్చు. అక్కడ కూడా ఒరుపుడు ఉంటుంది గాని, మధ్యాహ్నపు ఎండకు కాగిన రాతి మీద లేచే బొబ్బ కాలిన బొబ్బ. దాని జాతి వేరు, చికిత్స వేరు.

బొబ్బ: దీనికి తెలంగాణ పలుకుబడిలో పొక్కు అనీ, సంస్కృతంలో స్ఫోటమనీ పేర్లు. వైయాకరణులు శబ్దం గురించి చెప్పిన స్ఫోటవాదానికీ దీనికీ సంబంధం లేదు; ఆ స్ఫోటం నిత్యం, ఇది దాదాపు వారం రోజులది. లోపలి నీరు చెడునీరన్నది భ్రమ. అది రక్తంలోని ద్రవభాగాన్ని పోలినదే, మాంసకృత్తులు కాస్త తక్కువ. ఒక రోజు గడిచేసరికి ఆ నీటి అడుగున కొత్త కణాల విభజన జోరందుకుంటుంది, అయిదు రోజులకు కొత్త పైపొర ఏర్పడుతుంది. అంతవరకు పాత తోలు దానికి కప్పుగా పనిచేస్తుంది. ఏ మందుల దుకాణంలోనూ ఇంతకు మించిన పట్టీ దొరకదు.

గిల్ల వలదు: ఇక్కడ పూర్వపక్షం లేస్తుంది. నీరు నిండి బిగిసిన పెద్ద బొబ్బతో మరునాడు నడవడం అసాధ్యం గదా, దాన్ని ఖాళీ చేయకుండా ఎలా అని ప్రశ్న. దీనికి సిద్ధాంతం కవి మాటలోనే ఉంది: ఆయన వలదన్నది గిల్లడాన్ని, నీరు తీయడాన్ని కాదు. చిన్నదీ నొప్పిలేనిదీ అయిన బొబ్బను ముట్టుకోకూడదు. పెద్దదై నొప్పిపెడుతున్నదైతే చేతులు సబ్బుతో కడిగి, బొబ్బనూ సూదినీ స్పిరిటుతో తుడిచి, అంచు దగ్గర రెండు మూడు చోట్ల గుచ్చి, శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి నీరు దించి, పైతోలును మాత్రం కత్తిరించకుండా అలాగే పరిచి, పైన అంటుకోని పట్టీ వేయాలి. 1968లో అమెరికా చర్మవైద్యులు ప్రచురించిన పరిశోధనలో, మొదటి 24 గంటల్లో మూడుసార్లు నీరు తీసి తోలును ఉంచిన బొబ్బలు బాగా మానాయి, తోలు ఊడదీసినవాటికి ఆ మేలు కలగలేదు. తోలు దానంతటదే చిరిగిపోయిన చోట, నీటితో కడిగి, తేమను నిలిపే హైడ్రోకొల్లాయిడ్ పట్టీ అంటించడం మేలు. టూత్‌పేస్టు పూయడం శాస్త్రసమ్మతం కాదు, సంప్రదాయసమ్మతమని కూడా చెప్పలేము.

పుండు పడును: ఇది పాదపూరణకు వేసిన బెదిరింపు మాట కాదు. 1924 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కుమారుడు, 16 ఏళ్లవాడు, మేజోళ్లు లేకుండా బూట్లు తొడిగి శ్వేతసౌధం మైదానంలో టెన్నిస్ ఆడాడు. కాలివేలి మీద లేచిన బొబ్బ ద్వారా క్రిములు రక్తంలోకి చేరి, జూలై 7న అతడు మరణించాడు. పెన్సిలిన్ కనుగొన్నది 1928లో. ఇప్పుడు మందులున్నాయి గాని, చూడవలసిన గుర్తులు మారలేదు: చీము, చుట్టూ పాకే ఎరుపు, కాలి పైకి సాగే ఎర్రగీత, జ్వరం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది టీకాకారుల పరిధి దాటి వైద్యుల పరిధిలోకి వెళ్లినట్టే.

తడిసినట్టి తొడుగు: మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. పూర్తిగా పొడిగా ఉన్న చర్మం జారుతుంది, నీళ్లోడుతున్నదీ కొంత జారుతుంది. చెమ్మగిల్లిన చర్మానికే పట్టు ఎక్కువ, పట్టున్న చోటే కోత ఒత్తిడి ఎక్కువ. నూలు మేజోడు చెమటను పీల్చి తనలోనే దాచుకుంటుంది గనుక దూరపు నడకకు పనికిరాదు. చెమటను బయటికి పంపే పాలిఎస్టర్ మేజోడు గాని, సన్నని ఉన్ని మేజోడు గాని, లోపల పలచనిది పైన మందమైనది చొప్పున రెండు గాని తొడగడం మంచిది. రెండు తొడిగినప్పుడు జరుగుడు చర్మంలో కాక ఆ రెంటి మధ్యనే జరిగిపోతుంది. చెమటనే ఆపితే సరిపోదా అన్న శంకకు సమాధానం వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం ఇచ్చింది. 1998లో వెలువడిన పరిశోధనలో, అల్యూమినియం క్లోరైడ్ మందును ముందు రాత్రులు పాదాలకు పూసుకొని 21 కిలోమీటర్లు నడిచిన విద్యార్థులలో 21 శాతం మందికి, ఉత్తుత్తి మందు పూసుకున్నవారిలో 48 శాతం మందికి బొబ్బలు లేచాయి. అయితే అసలు మందువారిలో 57 శాతం మందికి దురదా మంటా పట్టుకున్నాయి. ఒక బాధను మాని మరొక బాధను కొనుక్కోవడమే గనుక ఈ పద్ధతి అందరికీ కాదు. కొబ్బరినూనె, వాజలీను మొదట జారుడునిచ్చి, కొన్ని గంటలకు ఇంకిపోతాయి. మళ్లీ పూసుకోగలవారికే అవి ఉపకరిస్తాయి. చవకైన కాగితపు ప్లాస్టరును, ఎప్పుడూ పొక్కే చోట నడకకు ముందే ముడత లేకుండా అంటించడం వీటన్నిటికంటే ఉత్తమమని టీకాకారుడి అభిప్రాయం.

అనుక్తము: అనగా కవి చెప్పకుండా వదిలినది. బొబ్బ లేవడానికి ముందు ఆ చోట వెచ్చగా చురుక్కుమంటుంది, తోలు ఎర్రబడుతుంది. నీరు ఇంకా ఊరని ఈ దశలో ఆగి, జోడు విప్పి, ఇసుకరేణువు దులిపి, చెమట ఆరబెట్టి, ప్లాస్టరు వేసి, లేసు బిగిస్తే బొబ్బే ఉండదు. శివరాత్రికి నల్లమల అడవి గుండా శ్రీశైలం నడిచేవారూ, ఉదయం పార్కులో చుట్లు తిరిగేవారూ, తోటివారు ఆగలేదన్న మొహమాటంతోనే ఈ దశను దాటిపోతారు. కొత్త జోడును పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, నడకకు వాడే మేజోటితోనే తొడిగి చూసి, పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉంచుకొని కొనాలి. కొన్నాక కొన్నాళ్లు దగ్గరి నడకలకే వాడాలి.

నయము: మేలు అనీ, మానుదల అనీ రెండర్థాలూ ఇక్కడ పొసగుతాయి. అయితే మధుమేహం గలవారికి పాదంలో స్పర్శ తగ్గి, బొబ్బ లేచినట్టే తెలియకపోవచ్చు గనుక, వారు రోజూ అరికాలిని కళ్లతో చూసుకోవాలి. బొబ్బ కనిపిస్తే సూది జోలికి పోకుండా వైద్యుని దగ్గరికి వెళ్లాలి. వారికి పై సిద్ధాంతం వర్తించదు, కవి నిషేధమే అక్షరాలా వర్తిస్తుంది.

సుమ్ము: పాదపూరణార్థకం. దీనికి వైద్యపరమైన ప్రయోజనమేదీ లేదు.