పెరటి లేతు, డైరీ లాభం

"మీ హాబీనే వ్యాపారం చేసుకోండి!" శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఉపాధి సదస్సులో మైకు దొరికిన పెద్దమనిషి చెప్పే మాట ఇదే. "ఇంటికో పారిశ్రామికవేత్త" అని సర్కారు కూడా తాళం వేస్తోంది. ఇంటికొకరు తయారుచేస్తే కొనేవాళ్లు ఏ ఇంట్లో ఉంటారని అడగబోయేలోగా భోజనాలకు పిలుస్తారు.

పెరట్లో రేకుల షెడ్డు వేసి, రాజ్‌కోట్ నుంచో బటాలా నుంచో తెచ్చిన చిన్న లేతు బిగించుకున్న కుర్రాడున్నాడనుకోండి. చేతిలో పనుంది. పలాస జీడిపప్పు మిల్లు యంత్రానికి బుష్ కావాలంటే ఆదివారమంతా నిలబడి అద్దంలా తీస్తాడు. ఇనుముకు ఎనభై, అమ్మింది రెండొందలకు. "లాభం నూట ఇరవై" అని డైరీలో రాసుకుంటాడు. తన కూలి, అరిగిన టూల్ బిట్, కొలత తప్పి పారేసిన ముక్క, కరెంటు... ఇవన్నీ హాబీ ఖాతా! 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. చెరువు మట్టి తవ్వే పక్కింటాయన మన పారిశ్రామికవేత్తకు అప్పివ్వగలడు.

అప్పంటే గుర్తొచ్చింది, ముద్రా రుణం ఉంది. తొలి మెట్టు 50 వేల వరకు, పేరు 'శిశు'. లేతు, చక్కు, వెర్నియర్ కొనేసరికి శిశువు పాలకేడుస్తుంది.

మనకు రావాల్సిన బాకీలకు మందూ ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాడు డబ్బు కట్టడం 45 రోజులు దాటించకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. పనిచ్చే ఒకే ఒక్క మిల్లు మీద ఆ చట్టం ప్రయోగించి చూడండి. వడ్డీ సంగతేమో గానీ, రెండో ఆర్డరు రాదు.

పనితనముంటే చాలంటారా? సారవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పని తరతరాలది. పనితనానికే డబ్బు రాలేటట్టయితే ఈపాటికి ఆ మండలమంతా మేడలే ఉండాలి.

లేతు మీద నాకు కోపం లేదు. సరదాకి తిప్పేవాణ్ణి సరదాకి తిప్పుకోనివ్వండి. బతుకుదెరువు చేసుకోమంటే మాత్రం నెలనెలా తిరిగొచ్చే ఆర్డరు, గంటకింతని కట్టిన రేటు, చేతికొచ్చిన అడ్వాన్సు ముందు చూపించండి. వచ్చే సదస్సులో అతిథి గారికి శాలువా కప్పేముందు ఓ వంద బుష్‌లకు ఆర్డరు కాగితం పెట్టండి. సంతకం చేస్తే ఉపన్యాసం విందాం.