ఎల్‌కేజీ నాన్న

ఏ అపార్టుమెంటులోనైనా ఎల్‌కేజీ నాన్నను గుర్తుపట్టడం తేలిక. పైఅంతస్తు నుంచి ఆయన బనీను ఎగిరొచ్చి మీ బాల్కనీలో పడిందంటే, ఆ ఇంట్లో బట్టల క్లిప్పులన్నీ చదువుకు తరలిపోయాయన్నమాట. క్లిప్పుల మీద చిన్న ఏబీసీడీలు, అట్టముక్క అంచున పెద్ద ఏబీసీడీలు. ఏ క్లిప్పు ఎక్కడ తగిలించాలో పాప పోల్చుకోవాలి. ఇక సీసా మూతల సంగతి సరేసరి. "ఏమండీ, నూనె సీసా మూత ఏదీ?" అని వంటింట్లోంచి కేక వస్తే, "అది చిన్న క్యూ, ముట్టుకోకు!" అని హాల్లోంచి జవాబు.

చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 'పెద్దవి అయ్యాయి, ఇక చిన్నవి' అని మిస్ డైరీలో రాసిన రాత్రే 26 వరుసలతో ఎక్సెల్ షీటు తయారు. వచ్చిన అక్షరానికి పచ్చ, రానిదానికి ఎరుపు. ఆఫీసులో మేనేజరు తనను అడిగే మాటే ఇంటికొచ్చి పాపను అడుగుతాడు: "ఇవాళ స్టేటస్ ఏంటి తల్లీ?"

పాఠం బాగానే మొదలవుతుంది. పెద్దక్షరం అమ్మ, చిన్నక్షరం పాప. పాపను అమ్మ దగ్గరికి చేర్చాలి. సీ, ఓ, ఎస్, వీ, డబ్ల్యూ, ఎక్స్, జెడ్ కుటుంబాల్లో పోలికలు అచ్చుగుద్దినట్టుంటాయి గనుక ఆ ఏడూ ఇట్టే పచ్చబడతాయి. నాన్న మీసం మెలేసేలోపు బీ వస్తుంది.

"అమ్మ బీకి రెండు పొట్టలున్నాయి. పాప బీకి ఒకటే. రెండోది ఏదీ?"

"పెద్దయ్యాక వస్తుందమ్మా."

పాప ఆయన చొక్కా గుండీల వంక చూసి, నిజమేనని ఒప్పుకుంటుంది.

"మరి డీ? అమ్మ పొట్ట ఇటు, పాప పొట్ట అటు!"

నాన్న నీళ్లు నములుతాడు. అసలు చిక్కు మూతల్లో ఉంది. గుండ్రటి మూత చేతిలో సగం తిరిగితే చిన్న బీ కాస్తా క్యూ, చిన్న డీ కాస్తా పీ. నూనె సీసా మూత పొద్దున్నుంచీ బీయో, క్యూయో రాసిన ఆయనకే తెలియదు.

ఇలాంటివాళ్లు ఓటమిని ఒప్పుకోరు, చరిత్రలోకి పారిపోతారు. ఫోను తడిమి, "తల్లీ, పెద్దక్షరాలు రోమన్లు రాళ్ల మీద చెక్కినవి. 113లో కట్టిన ట్రాజన్ స్తంభం మీద ఇప్పటికీ చూడొచ్చు. చిన్నవి 800 ప్రాంతంలో, షార్లెమేన్ చక్రవర్తి కాలంలో, లేఖకుల కలాల కింద కుదురుకున్నాయి" అని అందుకుంటాడు.

"అంటే అమ్మ పుట్టిన చాలా రోజులకు పాప పుట్టిందా?"

"చాలా రోజులకే."

ఈలోగా పాప నిద్రపోతుంది. షీటులో ఆ గడికి పసుపు రంగు: పెండింగ్.

పక్కగదిలోంచి నాయనమ్మ ఊరుకోదు. "ఒరేయ్, మాకు పలక మీద నాలుగు బళ్లూ దిద్దించారు. పెద్దబడి, చిన్నబడి, మళ్లీ కలిపిరాతలో రెండు. ఒక్క అక్షరానికి ఇన్ని వేషాలా? మన 'క' చూడు, చిన్నాపెద్దా తేడా లేదు."

"మరి మన 'మ' ఒత్తుకు తల్లి పోలిక ఉందా అమ్మా? 'న' ఒత్తుకు? 'య' ఒత్తుకు?"

నాయనమ్మ జపమాల అందుకుంటుంది. ఆ రోజుకు ఆయన గెలుపు అదొక్కటే.

పేరెంట్స్ మీటింగుకు షీటు ప్రింటు తీసుకుని మరీ వెళ్తాడు. మిస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా వెనక్కిచ్చేస్తుంది.

"ఈ వయసులో బీ, డీ తారుమారు కావడం మామూలే సార్. మేం ముందు పిల్లల పేర్లలో ఉన్న అక్షరాలు పట్టుకుంటాం. తర్వాత పోలికలున్నవి. బీనీ డీనీ ఒకే రోజు ఎదురుపడనివ్వం. ఒకటి కుదిరాకే రెండోది. మీ పాప క్లాసులో చక్కగా జతపరుస్తోంది. ఇంట్లో మీరేమైనా చేయిస్తున్నారా?"

"ఏదో, నా వంతు కొద్దిగా..." అని సిగ్గుపడతాడు.

"ఒక వారం ఆపి చూడండి సార్."

బుద్ధిగా తలూపుతాడు. తిరుగుదారిలో స్టేషనరీ షాపు ముందు బండి ఆగుతుంది. ఆ రాత్రి షీటులో మరో 26 వరుసలు చేరతాయి: కలిపిరాత.