నీలం కోటు కోరికలు

మా రెడ్డిగూడెం మండలంలో పట్టాదారు పాసుపుస్తకం లేని ఇల్లయినా ఉంటుందేమో గానీ, అమెరికాలో చూడాల్సినవాటి లిస్టు లేని ఇల్లు లేదు. పిల్లో పిల్లాడో డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి లిస్టు ఉండటం సహజం. ఎవరూ లేనివాళ్ళకీ ఉంది. మనవడు ఇంజనీరింగులో చేరాడు కదా, రేపెప్పుడైనా పనికొస్తుందట. "ఇది నా సొంత కోరిక, ఎన్నాళ్ళనుంచో మనసులో ఉంది" అని ప్రతివాళ్ళూ అంటారు. సరే కదా అని నాలుగిళ్ళ సొంత కోరికలు పక్కపక్కన పెట్టి చూశాను. నయాగరా, లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, వైట్‌హౌస్, లాస్‌వేగాస్, గ్రాండ్ కాన్యన్, యూనివర్సల్ స్టూడియో. వరస కూడా తప్పలేదు. పదో తరగతి పిల్లలు ఇంత అచ్చంగా దించితే హాలు మొత్తాన్ని డిబార్ చేస్తారు.

కాస్త చదువుకున్న బ్యాచ్ ఒకటుంది. వాళ్ళకి ఉత్తర అమెరికా ఒక్కటే ఆనదు. కిందకి కూడా దిగుతారు: అమెజాన్ అడవి, పటగోనియా మంచు, పెరూలో మాచుపిచ్చు. మాచుపిచ్చు మీకెలా తెలిసిందండీ అని ఒకాయన్ని అడిగితే "రోబో పాట" అన్నాడు. నిజమే, 2010లో రజనీకాంత్, ఐశ్వర్యారాయ్ అక్కడే గంతులేశారు. ఆ పాట పేరేమో కిలిమంజారో. కిలిమంజారో ఆఫ్రికాలో ఉంది. ఆఫ్రికా కొండ పేరున్న పాటలో దక్షిణ అమెరికా కొండని చూసి రెడ్డిగూడెం మనిషి పెంచుకున్న కోరిక అది. దాన్ని సొంతమే అందాం, పోనీ.

గండికోట చూడనివాడికి గ్రాండ్ కాన్యన్ ఎందుకు, ఎత్తిపోతల చూడనివాడికి నయాగరా ఎందుకు అనే పాత పాట నేను పాడను. ఎవరి డబ్బు వాళ్ళది, ఎవరి మోకాళ్ళు వాళ్ళవి. నా గొడవల్లా వీళ్ళు వెళ్ళే నెల గురించి, వెళ్ళి చూడకుండా వచ్చేసేదాని గురించి.

మొదట ఆ చూసినదేమిటో చూద్దాం. నయాగరా ఫొటో ప్రతి ఇంటి హాల్లోనూ ఉంటుంది. పడవెక్కేముందు అందరికీ నీలం రంగు ప్లాస్టిక్ కోటొకటి ఇస్తారు. అది తొడుక్కుని, టోపీ గడ్డం దాకా లాక్కుని, కళ్ళజోడు మీద నీటి తుంపర పడి, వెనక అంతా తెల్లటి పొగ. అందులో ఉన్నది బాబాయో, పిన్నో, పక్కన నిలబడ్డ గుజరాతీ పెద్దాయనో చెప్పడం దేవుడి తరం కాదు. జలపాతం ఎదురుగా, నిండుగా కనబడేది కెనడా ఒడ్డునుంచి. అటు వెళ్ళాలంటే వేరే వీసా. అవతలి పడవలో ఎర్ర కోట్లవాళ్ళు జలపాతం చూస్తుంటే, ఇవతలి నీలం కోట్లవాళ్ళు ఎర్ర కోట్లవాళ్ళని చూసి వస్తారు. లిస్టులో మాత్రం టిక్కు పడిపోతుంది.

ఉండే ఆర్నెల్లలో మిగతా ఐదున్నర నెలల సంగతి లిస్టులో రాయరు. చిలుకూరు బాలాజీకి ముందు పదకొండు ప్రదక్షిణలు, వీసా స్టాంపు పడ్డాక నూటెనిమిది. ఇన్నీ చేసి వెళ్ళేది కూతురి పురుటికో, కోడలి పురుటికో. పిల్లాడి గుడ్డలు, గిన్నెల మెషీను, శనివారం కోస్ట్‌కో, ఆదివారం గుడి. నాకు తెలిసిన ఒక పిన్నిని అమెరికాలో ఏది బాగా గుర్తుందంటే "గ్యారేజీ తలుపు" అంది. పొద్దున అది మూసుకుంటే మళ్ళీ సాయంత్రం తెరుచుకునేదాకా మాట్లాడే మనిషి లేడట.

ఇక నెల సంగతి. మావాళ్ళు విమానం ఎక్కేది ఏప్రిల్ ఆఖర్లో, మే మొదట్లో. అంటే బంగినపల్లి కోతలో ఉండి, నున్న మార్కెట్ ముందు ట్రాక్టర్లు బారులు తీరి, చిన్నరసం గడ్డిలో మాగి ఇల్లంతా వాసనేస్తున్నప్పుడు. చిక్కం ఎవరి చేతికో ఇచ్చి, తోట గుత్తకి రాసి, ఏడాదంతా తేనెమంచు పురుగుతో, నల్లతామరతో కుస్తీపట్టిన మనిషి పండు తినే రోజుకి పాస్‌పోర్టు పట్టుకుని బయల్దేరతాడు. దిగిన వారానికి ఇండియన్ స్టోర్లో మన మామిడిపండ్ల పసుపుపచ్చ అట్టపెట్టె కనబడుతుంది. డాలర్ని రూపాయల్లోకి మార్చి చూసి వెనక్కి పెట్టేస్తాడు. పక్క సూపర్‌మార్కెట్లో ఎర్రబుగ్గలతో టామీ అట్కిన్స్ కాయ చవగ్గా ఉంటుంది. అది కొంటాడు. కోస్తే పీచు. "ఇదీ ఒక మామిడికాయేనా" అని వీడియో కాల్లో ఊరందరికీ చూపిస్తాడు.

ఆ కాయ మీద నవ్వే ముందు దాని వంశం కొంచెం కనుక్కోవాల్సింది. 1889లో అమెరికా వ్యవసాయ శాఖ మన దేశం నుంచి ముల్గోవా అంట్లు తెప్పించి ఫ్లోరిడాలో నాటించింది. 1890ల నడుమ వచ్చిన గడ్డు చలికి చెట్లు చచ్చిపోతే ఒకే ఒక్కటి, గేల్ అనే ఆయన తోటలోది, బతికింది. దాని టెంకల్ని 1902లో కెప్టెన్ హేడెన్ మయామీ దగ్గర కోకోనట్ గ్రోవ్‌లో నాటాడు. అందులోంచి వచ్చిన ఎర్రరంగు కాయకి ఆయన పేరే పెట్టారు. ఆ హేడెన్ సంతానమే టామీ అట్కిన్స్. రుచి కోసం కాదు, మందపాటి తోలుతో వారాల తరబడి లారీల్లో, అల్మరాల్లో చెడకుండా ఉంటుందని ఎంచుకున్నారు. అంటే మనవాడు వీడియోలో వెక్కిరించింది మేనత్త మునిమనవణ్ణి. ఆ మయామీ పక్కనే, కోరల్ గేబుల్స్‌లో ఉన్న ఫెయిర్‌చైల్డ్ ఉద్యానవనం వాళ్ళు దేశదేశాల మామిడి రకాలు పెంచుతున్నారు. మా మండలంలో నేను చూసిన ఏ లిస్టులోనూ ఆ తోట లేదు. ఫ్లోరిడా ఉంది. డిస్నీ కోసం.

ఇంకో సంగతి. అమెరికా వీసా చేతిలో ఉన్న భారతీయుడికి మెక్సికో వెళ్ళడానికి వేరే వీసా అక్కర్లేదు. వీసాకి ఆర్నెల్ల గడువుంటే పెరూకీ అంతే. కెనడా ఒడ్డుకి రానివ్వని పాస్‌పోర్టుకి పెరూ తలుపు తీసే ఉంది. అక్కడ ఉత్తరాన పియూరా అనే ప్రాంతం ఉంది. ఎండ, ఇసుక, కాలవల నీళ్ళు, కంటికి ఆనినంత మేర మామిడి. మెక్సికోలోనూ, పెరూలోనూ ఎగుమతి కాయని 46 డిగ్రీల వేడినీళ్ళలో గంటకు పైగా ముంచి, పండుఈగ గుడ్లు చంపి, పెట్టెల్లో సర్ది అమెరికాకి పంపుతారు. మన కాయకి 2007లో గానీ ఆ గుమ్మం తెరుచుకోలేదు, అదీ రేడియేషన్ పెట్టించిన తర్వాతే. 2025 మేలో నవీ ముంబైలో రేడియేషన్ పెట్టి పంపిన 15 సరుకుల్ని కాగితాల్లో తేడా ఉందని అక్కడి విమానాశ్రయాల్లో ఆపేశారు. తిరిగి తెచ్చుకోవడం కంటే పారబోయడం నయమని ఎగుమతిదారులు పారబోయించారు. వీసా ఆఫీసరు ముందు నిలబడ్డ ప్రతి రైతూ ఆ పండు బాధ అర్థం చేసుకోగలడు. ఆ వేడినీళ్ళ తొట్టి ఎలా ఉంటుంది, కాయకి సొన అంటకుండా వాళ్ళు ఎలా కోస్తారు, గుత్తదారు అక్కడ కూడా తూకంలో కొట్టేస్తాడా అని చూసి రాగలిగిన కళ్ళు రెడ్డిగూడెం రైతువి. వాటికి మనం చూపించేది లాస్‌వేగాస్‌లో లైట్లు.

ఇదంతా మా బాబాయితో అన్నాను. వచ్చే మేకి ఆయన టికెట్ సిద్ధం. వరండాలో కూర్చుని లిస్టులో గ్రాండ్ కాన్యన్ పక్కన హెలికాప్టర్ అని చేరుస్తున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, మామిడిచెట్లు చూడ్డానికి లక్షలు తగలేసి అంత దూరం పోవాలా? మనకి లేవా చెట్లు?"

"మనకి నీళ్ళు లేవా బాబాయ్, నయాగరాకి పోతున్నావు?"

"పెరూ కాయ ఎప్పుడొస్తుందిరా?"

"డిసెంబరు నుంచి మార్చి దాకా."

"అదిగో! సరిగ్గా మన తోట పూత మీదుంటుంది. మందు కొట్టించేదెవరు, నువ్వా?" అన్నాడు, కేసు గెలిచినట్టు.

మేలో కోతనే ఫోన్లో చూసుకునే మనిషికి జనవరిలో పూత ఒక లెక్కా? పైగా అప్పుడు టికెట్ కూడా చవక.